మా రోజుల్లో టవర్ కింద మనిషుండేవాడు

ఆదోనికి ప్రైవేటు ఎఫ్‌ఎం రేడియో వస్తుందంట. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం 234 పట్టణాల్లో 730 ఛానళ్లను వేలం వేయడానికి ఒప్పుకున్నప్పుడు మన రాష్ట్రానికి 22 పట్టణాలు, 68 ఛానళ్లు వచ్చాయి. అందులో ఆదోని వాటా మూడు. ఆ సంగతి తెలిసినప్పటి నుంచి మా మంత్రాలయంలో నన్ను ఆపి అడగని మనిషి లేడు. ఉద్యోగమంతా టవర్ల కింద చేసినవాణ్ణి కదా, అడుగుతారు. "మూడు స్టేషన్లంటే మూడు టవర్లు లేపుతారా సార్?" అని. లేపరు. టవర్ ఒక్కటే. దాని మీద యాంటెనా ఒక్కటే. కింద గదిలోంచి పైకి పోయే కేబులూ ఒక్కటే. మూడు కంపెనీల ట్రాన్స్‌మిటర్లు ఆ గదిలో కలిసి ఒక్క దారినే పైకెక్కాలి. ఒక ఊళ్లో ఎఫ్‌ఎం నడిపేవాళ్లంతా ఒకే చోట చేరి, ఖర్చు పంచుకుని, ఉమ్మడి ఏర్పాటు మీదే ప్రసారం చేయాలని 2005 నాటి రెండో విడత లైసెన్సుల నుంచీ సర్కారు పెట్టిన నిబంధన.

"మరి ఒకరి పాటలో ఇంకొకరి పాట కలవదా సామీ?" అని కాఫీ హోటలాయన అడిగాడు. చక్కటి ప్రశ్న. కలుస్తుంది. కలవకుండా చూసుకోవడమే అక్కడి పని. ఆ పని చేసే మనిషి ఇప్పుడు యాడున్నాడు అన్నదే నా బాధ. ఒక్క యాంటెనాను పదిమంది పంచుకోవడం మీద నాకు పేచీ లేదు. ఇనుము మిగులుతుంది, నేల మిగులుతుంది, ఊరి చుట్టూ కంబాల అడవి లేవకుండా ఉంటుంది. పంచుకున్నాక కాపలా ఎవరిదీ కాకుండా పోవడం మీదే నా పేచీ అంతా.

మా చిన్నప్పుడు ఒక స్టేషన్‌కు ఒక టవర్. అసలు మీడియం వేవ్‌లో టవర్ మీద యాంటెనా ఉండదు, టవరే యాంటెనా. నిలువెత్తు ఇనుప స్తంభాన్ని పింగాణీ ఇన్సులేటర్ మీద నిలబెట్టి దానికే కరెంటు ఎక్కిస్తారు. చుట్టూ నేలలో రాగి తీగలు చక్రం ఆకుల్లా పరిచి పూడుస్తారు. కడప ఆకాశవాణి 1963లో మొదలైంది. అది పలికే 900 కిలోహెర్ట్జ్‌కు తరంగం పొడవు 333 మీటర్లు. పావు తరంగమంటే 83 మీటర్లు. అంత ఎత్తు స్తంభం ఒక్క గొంతు కోసం. పక్కన ఇంకో గొంతు కావాలంటే ఇంకో స్తంభం, లేదా ఆ స్తంభం అడుగునే కాయిల్స్, కెపాసిటర్లతో రెండు ఫ్రీక్వెన్సీలను విడదీసే పెట్టె. అలాంటి పెట్టె ఉన్నచోట దాని తాళంచెవి ఎవరి చేతిలో ఉండేదో స్టేషన్ మొత్తానికి తెలిసేది.

మాది రెండు భాషల గాలి. ఆదోని, ఆలూరు తాలూకాలు 1953 దాకా బళ్లారి జిల్లాలోనే ఉండె. తుంగభద్ర దాటితే రాయచూరు. అందుకని మా ఇళ్లలో రేడియో ముల్లు ఒకచోట నిలిచేది కాదు. పొద్దున కడప, మధ్యాహ్నం ధారవాడ, రాత్రయితే హైదరాబాదు, బెంగళూరు, ఆపైన సిలోను. పోస్టాఫీసులో లైసెన్సు కట్టి కొన్న వాల్వు సెట్టుకు మిద్దె మీద రెండు కట్టెల మధ్య రాగి జాలీ ఏరియల్ కట్టేవాళ్లం. పంచాయతీ ఆఫీసు ముందు రచ్చకట్ట మీద పెద్ద రేడియో. పాడిపంటలు వచ్చే వేళకు పత్తి రైతులు, శనక్కాయ రైతులు వచ్చి కూర్చునేవాళ్లు. ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప గారు 1938లో పెట్టిన చేనేత సహకార సంఘం పుణ్యాన మగ్గాల వీధులుండేవి. ఆ వీధుల్లో మగ్గం చప్పుడు మీద రేడియో వినపడాలంటే గొంతు పెంచాల్సిందే. ఆ గొంతు తగ్గితే, బొయ్యిమని ఈల వస్తే, మర్నాటికి స్టేషన్‌కు ఉత్తరం పోయేది. అట్లా రాసేవాళ్లు ఊరికొకరుండేవాళ్లు. ఆ ఉత్తరాలు చదివే మనిషి అవతల ఉండేవాడు.

నేను ఉద్యోగంలో చేరింది టీవీ ట్రాన్స్‌మిటర్ కేంద్రంలో. మన జిల్లా కాదు, దూరం. 10 కిలోవాట్ల హై పవర్ కేంద్రం. అక్కడ మొదటిసారి తెలిసింది, బొమ్మకు ఒక ట్రాన్స్‌మిటర్, మాటకు ఒక ట్రాన్స్‌మిటర్ అని. బొమ్మది 10 కిలోవాట్లు, మాటది ఒకటి. రెండు ఫ్రీక్వెన్సీల మధ్య ఎడం 5.5 మెగాహెర్ట్జ్. ఈ రెండూ డైప్లెక్సర్ అనే రాగి, ఇత్తడి గొట్టాల కట్టలో కలిసి ఒక్క యాంటెనాకు పోయేవి. బొమ్మ అందులోకి వచ్చి రెండుగా చీలి, రెండు దారుల్లో నడిచి, చివర మళ్లీ ఒకటయ్యేది. మాట అటు చివర నుంచి వచ్చేది. ఆ రెండు దారుల్లోనూ మాట ఫ్రీక్వెన్సీకే శ్రుతి చేసిన కావిటీలుంటాయి. వాటికి తగిలి వెనక్కి మళ్లి బొమ్మతోపాటు పైకి పోయేది. అటూ ఇటూ కాని కొసరు ఏదన్నా మిగిలితే రిజెక్ట్ లోడ్ అనే రెసిస్టరులోకి పోయి వేడిగా మారేది.

మా షిఫ్ట్ ఇంజనీరు గారు లోపలికి రాగానే మీటరు చూసేవారు కాదు. ముందు పోయి ఆ రిజెక్ట్ లోడ్ మీద చెయ్యి పెట్టేవారు. గోరువెచ్చగా ఉంటే సరే. నిన్నటికంటే వేడి ఎక్కువైతే కావిటీ శ్రుతి జారినట్టు, లేదా ఒక దారిలో ఏదో వదులైనట్టు. మీటరు ఇంకా ఏమీ చెప్పకముందే చెయ్యి చెప్పేది. ఆయన దగ్గర నేర్చుకున్న పాఠం అది. కలిపే చోటే కనిపెట్టుకుని ఉండాల. విడివిడిగా రెండు ట్రాన్స్‌మిటర్లూ బాగున్నా కలిసే చోట తేడా వస్తే ఊళ్లో టీవీల మీద బొమ్మ వణుకుతుంది, మాట గరగరమంటుంది. గంట గంటకు లాగ్ బుక్కులో రాయాలి: పైకి పోతున్న పవర్ ఎంత, యాంటెనా తిరగ్గొట్టి వెనక్కి పంపుతున్నది ఎంత, గదిలో వేడెంత, జనరేటర్‌లో డీజిలెంత, టవర్ మీద ఎర్ర దీపం వెలుగుతుందా లేదా. ఎదురు సంతకం ఉండాలి. రాయకపోతే మెమో వచ్చేది. ఆ మెమోలను అప్పుడు తిట్టుకునేవాళ్లు ఉన్నారు గానీ, ఆ పుస్తకంలో వెనక్కి తిరగేస్తే యాంటెనా ఏ నెల నుంచి చెడడం మొదలుపెట్టిందో కనపడేది.

ఇన్సాట్-1బి 1983 ఆగస్టులో ఎగిరింది. ఆ మరుసటి ఏడు దేశంలో దాదాపు రోజుకొక టీవీ ట్రాన్స్‌మిటర్ పెట్టుకుంటూ పోయారు. 100 వాట్ల చిన్న కేంద్రాలు. డిష్‌తో ఆకాశం నుంచి దింపుకుని, పాతిక కిలోమీటర్ల దాకా పంచడం. మా ఆదోని వైపూ అట్లాంటి రిలే వచ్చింది. చిన్న కేంద్రమే అయినా అక్కడ మనుషులుండేవాళ్లు. బొమ్మ పోతే జనం సైకిలెక్కి టవర్ దగ్గరికే వచ్చేవాళ్లు. గేటు బయట నిలబడి "ఏమప్పా, కరెంటా, మిషనా?" అని అడిగేవాళ్లు. మనిషి బయటికొచ్చి చెప్పేవాడు. సమాధానం నచ్చకపోతే తిట్టి పోయేవాళ్లు. తిట్టడానికైనా ఎదుట ఒక మొహం ఉండేది.

ఇప్పుడు హోటలాయన ప్రశ్నకు వస్తాను. మూడు స్టేషన్ల కేబుళ్లు తెచ్చి ఒక ముడి వేసి పైకి పంపితే ఏమవుతుంది? మన పల్లెల్లో అందరికీ తెలిసిన సంగతితో చెప్తా. రెండు బోర్ల నీళ్లు ఒకే పైపులోకి కలిపావనుకో. ఒక మోటరు ఆగితే రెండో బోరు నీళ్లు పొలానికి పోవు, ఆగిన బోరులోకి దిగిపోతాయి. అందుకే నాన్ రిటర్న్ వాల్వు పెడతాం. ట్రాన్స్‌మిటర్లదీ ఇదే కథ. ఒక స్టేషన్ పంపిన శక్తి యాంటెనాకు పోకుండా పక్క స్టేషన్ ట్రాన్స్‌మిటర్‌లోకి దిగుతుంది. దిగితే రెండు నష్టాలు. పైకి పోవాల్సింది తగ్గుతుంది. అంతకంటే చెడ్డది, ఆ పక్క ట్రాన్స్‌మిటర్ చివరి యాంప్లిఫయర్‌లో రెండు ఫ్రీక్వెన్సీలు కలిసిపోయి, ఎవరూ అడగని కొత్త ఫ్రీక్వెన్సీలు పుడతాయి.

లెక్క కష్టమేం కాదు. హైదరాబాదు వాళ్లకు 91.1, 93.5 రెండూ బాగా తెలిసిన అంకెలు. మొదటిదాన్ని రెండింతలు చేసి రెండోది తీసేయండి: 88.7. రెండోదాన్ని రెండింతలు చేసి మొదటిది తీసేయండి: 95.9. జాగ్రత్త లేకుండా ఆ రెంటినీ కలిపితే, లైసెన్సు లేని ఈ రెండు చోట్ల కూడా దయ్యం గొంతు పలుకుతుంది. ఆ చోట ఇంకెవరి స్టేషనో ఉంటే వాళ్ల పాట చెడుతుంది. ఎఫ్‌ఎం ముగిసే 108 మెగాహెర్ట్జ్ పైన విమానాలకు దారి చూపే సంకేతాలు మొదలవుతాయి. 98, 107 కలిస్తే పుట్టేది 116. అంటే ఇది పాట చెడే సంగతితో ఆగేది కాదు, విమానం దిగే దారిలో అడ్డుపడే సంగతి. నాలుగు బోల్టులు బిగించడం మరిచిపోతే పుట్టే ప్రమాదం ఇది.

సులువు మార్గం ఒకటుంది. హైబ్రిడ్ కప్లర్ అనే సామానులో రెండు ట్రాన్స్‌మిటర్లు కలిపితే ఒకదాన్నొకటి చూసుకోవు. కాకపోతే వేర్వేరు ఫ్రీక్వెన్సీలైతే ఒక్కోదాని శక్తిలో సగం డమ్మీ లోడ్ పాలు. కిలోవాట్ పంపితే 500 వాట్లు గదిని వేడి చేయడానికే. ఆ వేడిని బయటికి తోలడానికి మళ్లీ ఏసీ. వాకీటాకీ రిపీటర్లకు ఆ నష్టం ఓర్చుకుంటారు, ప్రసారానికి ఓర్చుకోరు.

అందుకే ఫిల్టర్లు. ఒక్కో స్టేషన్‌కు డ్రమ్ముల్లాంటి లోహపు కావిటీలు, లోపల వెండి పూత, నడుమ ఒక కడ్డీ. ఆ కడ్డీని దారమంత పైకీ కిందికీ జరిపి, ఆ స్టేషన్ ఫ్రీక్వెన్సీని మాత్రమే పోనిచ్చేలా శ్రుతి చేస్తారు. పెద్ద కేంద్రాల్లో రెండు హైబ్రిడ్‌ల మధ్య అచ్చు ఒకేలా శ్రుతి చేసిన ఫిల్టర్ల జత పెడతారు. తన స్టేషన్ ఫిల్టర్ల గుండా దూరి పోతుంది, ముందే కలిసి వచ్చిన మిగతా స్టేషన్లు అవే ఫిల్టర్లకు తగిలి మళ్లి దానితో కలుస్తాయి. కొత్త స్టేషన్ వస్తే ఇంకో జత చేర్చుకుంటూ పోవచ్చు. ఒక ఊళ్లో స్టేషన్ల మధ్య 800 కిలోహెర్ట్జ్ ఎడం పాటించడంలో ఇదీ ఒక ఉపయోగం. హైదరాబాదులో 92.7కూ 93.5కూ మధ్య ఉన్నది సరిగ్గా అంతే. ఎడం తగ్గేకొద్దీ ఫిల్టర్ ఇంకా నిక్కచ్చిగా ఉండాలి; నిక్కచ్చి పెరిగేకొద్దీ అందులో వేడీ పెరుగుతుంది, వేడికి లోహం సాగి శ్రుతి జారుతుంది. మా ఆదోనిలో ఏప్రిల్, మే ఎండలు ఎట్లుంటాయో నేను చెప్పాలా? కరెంటు పోయి ఏసీ ఆగి, జనరేటర్ మీద ట్రాన్స్‌మిటర్ మాత్రం నడిచే మధ్యాహ్నం పూట ఆ కావిటీల సంగతి ఎవరు చూస్తారు?

ఈ విద్య కొత్తదేం కాదు. న్యూయార్కులో ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ మీద ఆండ్రూ ఆల్‌ఫర్డ్ అనే ఇంజనీరు 1965లో 102వ అంతస్తు చుట్టూ వరసగా 32 డైపోల్స్ బిగించి, అనేక ఎఫ్‌ఎం స్టేషన్లను ఒకే యాంటెనా మీదికి తెచ్చాడు. అంత ఎత్తున జాగా కోసం స్టేషన్లు పోటీపడే నగరం కాబట్టి వాళ్లకు ముందే అవసరం పడింది. మన దేశంలో ప్రైవేటు ఎఫ్‌ఎం వచ్చాక, 1995లో పుట్టిన ప్రభుత్వ సంస్థ బెసిల్ ఈ ఉమ్మడి ఏర్పాట్లు కట్టే పని చేపట్టింది. విశాఖ, విజయవాడ లాంటి ఊళ్లలో వినేవాళ్లకు కనపడదు గానీ, వాళ్ల చెవిలో పడే పోటీ స్టేషన్లు గాల్లోకి ఎక్కేముందు ఒకే గదిలో పక్కపక్కన నిలబడతాయి. స్టూడియోలు వేరు, యజమానులు వేరు, ప్రకటనల కోసం కొట్లాట వేరు. గాల్లోకి పోయేటప్పుడు మాత్రం ఒకే గొట్టం. ఈ ఏర్పాటు చేసినవాళ్ల పనితనానికి నేను రెండు చేతులా దణ్ణం పెడతాను. కట్టిన పూట కొలతలన్నీ తీసి, కాగితాల మీద పెట్టి, సంతకాలు చేసి అప్పగిస్తారు. ఆ తర్వాత పదేళ్ల సంగతి నేనడిగేది.

ఎందుకంత అనుమానమంటారేమో. మా ఊళ్లోనే చూస్తున్నా కాబట్టి. రాఘవేంద్రస్వామి బృందావనానికి కర్ణాటక నుంచి, తమిళనాడు నుంచి, మహారాష్ట్ర నుంచి జనం వస్తారు. శ్రావణంలో ఆరాధనప్పుడు ఊరు పట్టదు. వచ్చిన ప్రతివాడి చేతిలో ఫోను. సెల్ టవర్లూ ఇప్పుడు ఉమ్మడివే. ఒక కంపెనీ టవర్ కట్టి అద్దెకిస్తుంది, ముగ్గురు నలుగురు దాని మీద చేరతారు. ఒకే పలక యాంటెనాలో 900, 1800, 2100, 2300 బ్యాండ్లు దూరుస్తారు. పంచుకోవడం తప్పంటానా? అనను. మా కాలంలో ఇది ఉంటే మేమూ పండగ చేసుకునేవాళ్లం.

కానీ ఒకే చోట ఇన్ని కలిస్తే శత్రువు తుప్పు. రెండు లోహాలు తుప్పు పట్టిన బోల్టు దగ్గర సరిగా అతకకపోతే, ఆ తుప్పే డయోడ్‌లాగా పనిచేసి, బలంగా పోతున్న సంకేతాలను కలిపేసి కొత్త ఫ్రీక్వెన్సీలను పుట్టిస్తుంది. ట్రాన్స్‌మిటర్‌లో తప్పు లేకపోయినా, ఫిల్టర్ బాగున్నా, ఒక్క వదులు కనెక్టర్ చాలు. ఆ దయ్యం వెళ్లి ఫోను నుంచి టవర్‌కు వచ్చే సన్నటి గొంతు మీద కూర్చుంటుంది. గీతలు నిండుగా కనపడతాయి, మాట మాత్రం పోదు. జనం "సిగ్నల్ ఉంది, ఫోన్ పోవట్లేదు" అంటారు. పాత టవర్ కింద నిలబడి నేను చూసిన తుప్పు తలుచుకుంటే ఇందులో ఆశ్చర్యం లేదు.

మా వీధి పిల్లోడొకడు టవర్లెక్కే పనికి పోతాడు. కష్టజీవి, భయం లేనివాడు. కాంట్రాక్టరు కింద కాంట్రాక్టరు, ఆ కింద ఇతను. ఒకరోజు ఇంటికొచ్చి అరుగు మీద కూర్చున్నాడు. "తాతా, మాకు లెక్కలేం చెప్పరు. టార్క్ రెంచి క్లిక్కుమంటే సాలు, ఫోటో తీసి పంపల్ల. ఎక్కినందుకు లెక్క, దిగినందుకు లేదు" అన్నాడు. "కనెక్టర్ లోపల చూసినావా నాయనా, ఇత్తడి పొడి ఉండకూడదు" అన్నా. "అంత టైమియ్యరు తాతా. మల్లా నందవరం పోవల్ల, ఆడి నుంచి కోసిగి" అన్నాడు. వాణ్ణి తప్పు పట్టే నోరు నాకు లేదు. వాడికి రోజుకు అన్ని టవర్లు అప్పగించి, ఒక్కో టవర్ మీద ఎవరెవరి సామానుందో కూడా చెప్పనివాళ్లదే తప్పు. మా షిఫ్ట్ ఇంజనీరు గారి చేతి కింద ఆర్నెల్లు ఉంటే ఆ పిల్లోడు నాకంటే గొప్పవాడయ్యేవాడు. నేర్పే గది లేకుండా పోయింది.

మొన్నటి వానాకాలం మా ఇంటి వెనక టవర్ చచ్చిపోయింది. దాని మీదున్న కంపెనీలన్నీ ఒకేసారి మూగబోయాయి. ఒకరికి పోతే ఇంకొకరిది వాడుకుందామనే వీల్లేదు, అందరిదీ ఒకే కంబం కదా. గేటుకు తాళం. తాళం మీద బోర్డు, బోర్డు మీద నంబరు. ఆ నంబరు ఎక్కడో మహానగరంలో మోగింది. ఎత్తిన అమ్మాయి ఎంతో మర్యాదగా "సైట్ ఐడీ చెప్పండి సార్" అంది. బోర్డు మీద ఆ అంకెలు ఎండకు వెలిసిపోయి ఉన్నాయి. డీజిల్ అయిపోయిందని రెండోరోజు సాయంత్రం తెలిసింది. మా కాలంలో డీజిల్ ఎంతుందో లాగ్ బుక్కులో గంటగంటకూ ఉండేది అని ముందే చెప్పాను.

ఇది చిన్న సంగతి అనుకునేవాళ్లకు 2009 అక్టోబరు గుర్తు చేస్తా. మొదటి వారంలో తుంగభద్ర పొంగి మఠంలోకి వచ్చింది. మంత్రాలయం మునిగింది, కర్నూలు మునిగింది. మిద్దెల మీద చిక్కుకున్న భక్తులను పడవల్లో, హెలికాప్టర్లలో తీసుకుపోయారు. కరెంటు పోయింది, కరెంటు వెనకాలే ఫోన్లూ పోయాయి. అలాంటప్పుడు పోలీసు వైర్‌లెస్, గుంతకల్లు-రాయచూరు లైను మీది రైల్వే స్టేషన్ల వీహెచ్ఎఫ్ సెట్లు, బ్యాటరీ మీద నడిచే హ్యామ్ సెట్టు ఎందుకు అక్కరకొస్తాయంటే, వేటి ఏరియల్ వాటిది, వేటి బ్యాటరీ వాటిది. ఒకటి పోతే ఇంకొకటి మిగులుతుంది. మా పాతకాలం పద్ధతిలో దండగ ఎక్కువ, నేను కాదనను. ఆ దండగలోనే రక్షణ కూడా ఉండేది. ఉమ్మడి చేసినప్పుడు ఆ రక్షణను వేరే రూపంలో మళ్లీ కొనుక్కోవాలి. ఉమ్మడి వల్ల మిగిలిన డబ్బులో కొంత దానికే పెట్టాలి. మిగిలిందంతా లాభం కింద రాసుకుంటే ఎట్లా?

దూరదర్శన్ వాళ్ల గాలి ప్రసారాలు దాదాపు ఆగిపోయాయి. 2022 మార్చి నాటికి ముఖ్యమైన చోట్ల ఉన్న ఓ యాభై తప్ప దేశంలోని పాత అనలాగ్ ట్రాన్స్‌మిటర్లన్నీ ఆపేయాలని ప్రసార భారతి నిర్ణయించింది. డిష్‌లు వచ్చాయి, చూసేవాళ్లు లేరు, ఆపారు, అందులో న్యాయముంది. కానీ మనుషులు కూడా వెళ్లిపోయారు. రిజెక్ట్ లోడ్ మీద చెయ్యి పెట్టి రోగం చెప్పగలిగిన ఆ తరం రిటైరై ఇళ్లల్లో కూర్చుంది. కొత్త ఎఫ్‌ఎంలకు ప్రసార భారతి జాగా, టవర్ ఉన్నచోట అక్కడే చేరమంటారు. టవర్ దొరుకుతుంది. దాన్ని కనిపెట్టుకునే అలవాటు యాడ దొరుకుతుంది?

ప్రైవేటు ఎఫ్‌ఎం సొంతంగా వార్తలు చెప్పకూడదు, ఆకాశవాణి బులెటిన్ యథాతథంగా వేసుకోవచ్చు, అంతే. సరే, సినిమా పాటలే వేయనీ. ఆ పాటల మధ్యన ఆదోని మార్కెట్లో పత్తి ధరెంత, తుంగభద్ర డ్యాం గేట్లు ఎన్ని ఎత్తారు, ఎమ్మిగనూరు జాతరకు బస్సులెన్ని అని మన యాసలో చెప్పే గొంతు ఒకటి ఉంటే ఈ పడమటి పల్లెలకు అంతకంటే ఏం కావాలి? హొళగుంద, కౌతాళం, పెద్దకడబూరు మనుషులు తమ మాట రేడియోలో విని ఎన్నాళ్లయిందో. అందుకే ఈ మూడు స్టేషన్లు రావాలని నేను గట్టిగా కోరుకుంటున్నా. వచ్చి, మొదటి పిడుగుకే మూడూ కలిసి మూగబోకూడదని కోరుకుంటున్నా.

మూడూ ఒక్కసారే ఎందుకు పోతాయో చెప్తా. పిడుగు పడి యాంటెనాలో ఒక భాగం కాలిందనుకో, కేబుల్లోకి నీళ్లు దిగాయనుకో. పైకి పంపిన శక్తి వెనక్కి తన్నుతుంది. తన్నిన శక్తి చూసి ప్రతి ట్రాన్స్‌మిటరూ తన్ను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. మూడు ట్రాన్స్‌మిటర్లూ బంగారంలా ఉంటాయి, ఊళ్లో ఒక్కటీ పలకదు. దీనికి మందు మాకు తెలిసిందే. యాంటెనాను పై సగం, కింది సగంగా విడగొట్టి, రెండింటికీ విడివిడిగా రెండు కేబుళ్లు వేయాలి. కింద గదిలో లింకులు మార్చుకునే ప్యాచ్ ప్యానెల్ పెట్టాలి. పై సగం పోతే దాని లింకులు తీసి కింది సగానికి మార్చాలి, పవర్ తగ్గించి నడపాలి. కోసిగి కొండల అవతలి వాళ్లకు సన్నగా వినపడుతుంది, ఆదోని ఊళ్లో మామూలుగానే వినపడుతుంది. చాలా పెద్ద కేంద్రాల్లో ఇట్లాగే చేస్తారు. చిన్న ఊరు కదా, ఒక కేబుల్ చాలులే అంటారని నా భయం. చిన్న ఊరికే ఎక్కువ కావాలి. పెద్ద ఊళ్లో చెడితే గంటలో మనిషొస్తాడు, ఆదోనికి రావాలంటే హైదరాబాదు నుంచో బెంగళూరు నుంచో ఎక్కాలి.

ఆ లింకులు మార్చడానికి కూడా ఒక మనిషి కావాలి. ముగ్గురు యజమానులు తలా కొంచెం వేసుకుంటే ఒక మనిషి జీతం ఎంతని? ఆదోనిలో పాలిటెక్నిక్ చదివిన పిల్లలు ఉద్యోగాల్లేక బెంగళూరు బస్సెక్కుతున్నారు. అందులో ఇద్దరిని తీసుకుని, మూడు స్టేషన్లూ కలిసే ఆ గది తాళంచెవి చేతికిచ్చి, ఒక లాగ్ బుక్కు కొనిపెట్టండి. పొద్దున, సాయంత్రం మూడు స్టేషన్ల పవరూ, వెనక్కి వచ్చే పవరూ, ఫిల్టర్ల వేడీ రాయమనండి. ఏడాదికోసారి వానలకు ముందు ఎవరన్నా టవరెక్కి కనెక్టర్లు విప్పి చూడాలని ఒప్పందంలోనే రాయండి. తర్వాత చూద్దామంటే ఆ తర్వాత రాదు. గేటు మీద నంబరు పెడితే ఆదోనిలో మోగే నంబరు పెట్టండి. నేర్పడానికి నేనొస్తాను, జీతం వద్దు. మంత్రాలయం నుంచి ఆదోనికి బస్సులకు కొదవ లేదు.